పారబోసే వేడి, కొనుక్కునే వేడి: పాత కర్మాగారాలలో ఉష్ణ వినిమయ జాలాల సవరణ

ఉమ్మ్ అల్ హస్సామ్ నుండి బయలుదేరే వారధి సముద్రాన్ని దాటి, నబీహ్ సాలిహ్ ద్వీపాన్ని తాకుతూ సిత్రాకు చేరుతుంది. ఆ దారికి అవతల చమురు ట్యాంకులు, పెట్రోరసాయనాల కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్నాయి. బహ్రెయిన్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు ఇవి చిరపరిచితమైన దృశ్యాలే. అయితే ఆ గొట్టాల అరణ్యంలో నిరంతరం జరిగే ఒక వింత వ్యాపారం చూపరుల కంటికి కనబడదు. ఒక వైపు ఇంధనాన్ని మండించి ద్రవాలను కాస్తూ ఉంటారు. మరొక వైపు కాగిన ద్రవాలను నీటితోనో, గాలితోనో చల్లారుస్తూ ఉంటారు. ఒకే ఆవరణలో వేడిని కొనడమూ, వేడిని పారబోయడమూ ఏకకాలంలో సాగుతాయి. ఈ రెండింటినీ ఒకేసారి తగ్గించడం ఎట్లా? అందులోనూ, ఏనాడో కట్టి నడుస్తున్న కర్మాగారంలో, ఉన్న పరికరాలను తీసిపారవేయకుండా తగ్గించడం ఎట్లా? ఆ విద్య మూలసూత్రాలను తెలుసుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బహ్రెయిన్ నుండి విశాఖ దాకా

గల్ఫ్ అరబ్బు తీరాన మొట్టమొదట చమురు బయటపడినది బహ్రెయిన్‌లోనే, 1932లో. శుద్ధి కర్మాగారం 1936లో పని ప్రారంభించింది. అదే సంవత్సరంలో రెండు అమెరికన్ చమురు సంస్థలు కలసి ఏర్పరచుకున్న కాల్టెక్స్ సంస్థకు బహ్రెయిన్ చమురుతో గాఢమైన సంబంధం ఉండేది. విశాఖపట్నంలో 1957లో ప్రారంభమైన శుద్ధి కర్మాగారాన్ని నిర్మించినది కూడా కాల్టెక్సే. విశాఖ కర్మాగారం 1976లో జాతీయమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఈ విధంగా సిత్రాకూ, విశాఖకూ చమురు చరిత్రలో ఒక దూరపు చుట్టరికం ఉన్నది.

ఈ రెండింటికీ మరొక పోలిక కూడా ఉన్నది. రెండూ 1973 నాటి చమురు సంక్షోభానికి పూర్వం పుట్టినవి. చమురు చవకగా దొరికిన ఆ రోజులలో ప్రపంచమంతటా కర్మాగారాలను నిర్మించినవారు ఇంధన వ్యయం కంటె ఇనుము వ్యయాన్నే ఎక్కువగా లెక్కించేవారు. అందుకని ఉష్ణ వినిమాయకాలు చిన్నవిగా, కొలిమిలు పెద్దవిగా ఉండేవి. సంక్షోభం తరువాత లెక్క తలక్రిందులైనది. ఆనాటి నుండి ప్రతి పాత కర్మాగారమూ దశలవారీగా మార్పులకు లోనవుతూనే వచ్చింది. బహ్రెయిన్ శుద్ధి కర్మాగారపు ఆధునికీకరణ 2024 డిసెంబరులో ప్రారంభోత్సవం జరుపుకొన్నది. దానితో రోజుకు సుమారు 2,67,000 పీపాలుగా ఉన్న సామర్థ్యం 3,80,000 పీపాలకు పెంచబడింది. అంతటి భారీ నిర్మాణాలు ఏ కొన్ని దశాబ్దాలకో ఒకసారి వస్తాయి. వాటి నడుమ కాలంలో కర్మాగారాలు చిన్న చిన్న సవరణల మీదనే ఆధారపడతాయి. ఇంజనీర్లు రెట్రోఫిట్ అని పిలిచేది ఈ సవరణనే.

ముడి చమురును పాక్షిక స్వేదనానికి పంపే ముందు దానిని సుమారు 350 నుండి 370 డిగ్రీల సెల్సియస్ వరకు కాయవలెను. స్వేదన స్తంభం నుండి వెలువడే కిరోసిన్, డీజిల్ వంటి పదార్థాలను ట్యాంకులలో నిల్వ చేయడానికి చల్లార్చవలెను. బయటికి పోయే వేడి పదార్థాల చేత లోనికి వచ్చే చల్లని ముడి చమురును ముందుగా కాయించితే, కొలిమిలో మండవలసిన ఇంధనం తగ్గుతుంది. ఇందుకు ఉపయోగపడే పరికరమే ఉష్ణ వినిమాయకం, అనగా హీట్ ఎక్స్ఛేంజర్. గొట్టాల లోపల ఒక ద్రవం, వాటి వెలుపల మరొక ద్రవం ప్రవహిస్తాయి. ద్రవాలు కలవవు, వేడి మాత్రం గొట్టపు గోడ గుండా దాటుతుంది. ఇటువంటి వినిమాయకాలు అనేకం గొలుసుకట్టుగా అమరినప్పుడు దానిని ఉష్ణ వినిమయ జాలం అంటారు.

వేడికి పరిమాణమే కాదు, స్థాయి కూడా ఉన్నది

అన్నం వార్చినప్పుడు పొగలు కక్కే గంజి తూములోకి పోతుంది. ఆ పక్కనే మరొక పొయ్యి మీద స్నానానికి చన్నీళ్ళు కాగుతూ ఉంటాయి. గంజి గిన్నెను ఆ నీళ్ళలో కాసేపు ఉంచితే నీళ్ళు కొంత వెచ్చబడతాయి; ఆ మేరకు గ్యాసు మిగులుతుంది. కాని ఎంత గంజి ఉన్నా దానితో నూనె కాచి గారెలు వండలేము. గంజిలో వేడి లేక కాదు. నూనెకు కావలసినంత ఎత్తు ఉష్ణోగ్రతలో లేదు. వేడి ఎప్పుడూ హెచ్చు ఉష్ణోగ్రత నుండి తక్కువ ఉష్ణోగ్రతకే ప్రవహిస్తుంది, నీరు పల్లానికే పారినట్లు.

కర్మాగారంలోనూ ఇదే నియమం. 'ఎంత వేడి పోతున్నది' అని అడిగితే సగం ప్రశ్నయే అడిగినట్లు. 'ఏ ఉష్ణోగ్రత వద్ద పోతున్నది, ఏ ఉష్ణోగ్రత వద్ద కావలసి ఉన్నది' అని కూడా అడగవలెను. ఈ ప్రశ్నకు సక్రమమైన సమాధాన మార్గం 1970వ దశకంలో రూపుదిద్దుకొన్నది. అమెరికాలో హోమన్ 1971లో తన పరిశోధన గ్రంథంలో దీనికి పునాది వేశాడు. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో బోడో లిన్‌హాఫ్, ఫ్లవర్ 1978లో తమ పద్ధతిని ప్రకటించారు. లిన్‌హాఫ్ ఆ పిమ్మట ఐ.సి.ఐ. సంస్థలోను, మాంచెస్టర్‌లోని యూమిస్ట్ విద్యాసంస్థలోను దానిని అభివృద్ధి చేశాడు. దీనికే పించ్ విశ్లేషణ అని పేరు.

ఎగువ కరువు, దిగువ మురుగు

పించ్ అంటే ఇరుకు. కర్మాగారంలోని వేడి ప్రవాహాలన్నిటినీ ఒక చోట, చల్లని ప్రవాహాలన్నిటినీ మరొక చోట ఉష్ణోగ్రత వారీగా కూడి, ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే, ఏదో ఒక ఉష్ణోగ్రత వద్ద అవి అత్యంత సమీపానికి వస్తాయి. ఆ ఇరుకే పించ్ బిందువు. అది కర్మాగారాన్ని రెండు రాజ్యాలుగా విభజిస్తుంది. పై రాజ్యంలో వేడికి కరువు. అక్కడ బయటి నుండి వేడి తేక తప్పదు. క్రింది రాజ్యంలో వేడి మిగులు. అక్కడ మిగిలినదానిని బయటికి పంపక తప్పదు.

కాలువల నాడున పుట్టినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఎగువ పొలాలకు నీరు చాలడం లేదు. దిగువ పొలాలలో మురుగు నిలుస్తున్నది. అటువంటప్పుడు ఎగువ నుండి నీటిని దిగువకు జారవిడిచి, మళ్ళీ ఎగువ పొలాల కోసం మోటారు పెట్టి నీరు తోడుకుంటే దానిని తెలివైన సేద్యం అనరు. జారవిడిచిన ప్రతి బిందెకు ఎగువన ఒక బిందె తోడవలెను, దిగువన ఒక బిందె మురుగు కాలువలోకి తోలవలెను. నష్టం రెండు విధాల.

పించ్ విశ్లేషణలోని మూడు నియమాలూ ఇందులోనే ఉన్నాయి. పించ్ హద్దును దాటి వేడిని క్రిందికి పంపరాదు. హద్దుకు పైన నీటితో చల్లార్చరాదు. హద్దుకు క్రింద ఇంధనంతో కాయరాదు. ఈ మూడింటిలో దేనిని అతిక్రమించినా, అతిక్రమించినంత మేరకు కొలిమి భారమూ, శీతలీకరణ భారమూ రెండూ పెరుగుతాయి.

ఒక చిన్న లెక్క

పాఠకుల సౌకర్యార్థం కల్పించిన ఒక చిన్న కర్మాగారాన్ని తీసుకుందాం. అందులో నాలుగు ప్రవాహాలు ఉన్నాయి. ప్రతిదానికీ ఇచ్చిన కిలోవాట్ల సంఖ్య, దాని ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ మార్చడానికి కావలసిన వేడిని తెలుపుతుంది.

మొదటి వేడి ప్రవాహం: 220 నుండి 60 డిగ్రీలకు చల్లారవలెను; డిగ్రీకి 20 కిలోవాట్లు.
రెండవ వేడి ప్రవాహం: 140 నుండి 40 డిగ్రీలకు చల్లారవలెను, డిగ్రీకి 40 కిలోవాట్లు.
మొదటి చల్లని ప్రవాహం: 40 నుండి 200 డిగ్రీలకు కాగవలెను; డిగ్రీకి 25 కిలోవాట్లు.
రెండవ చల్లని ప్రవాహం: 60 నుండి 160 డిగ్రీలకు కాగవలెను, డిగ్రీకి 20 కిలోవాట్లు.

వినిమాయకంలో ఏ చోటనైనా రెండు ద్రవాల మధ్య కనీసం 20 డిగ్రీల తేడా ఉండవలెనని నియమం పెట్టుకుందాం. తేడా మరీ తగ్గితే గొట్టాల వైశాల్యం విపరీతంగా పెరుగుతుంది.

ఇప్పుడున్న అమరికలో రెండు వినిమాయకాలు ఉన్నాయి. ఒకటవ వినిమాయకంలో మొదటి వేడి ప్రవాహం 220 నుండి 120కి చల్లారుతూ, రెండవ చల్లని ప్రవాహాన్ని 60 నుండి 160కి పూర్తిగా కాయిస్తుంది. ఇది 2,000 కిలోవాట్లు. రెండవ వినిమాయకంలో రెండవ వేడి ప్రవాహం 140 నుండి 90కి చల్లారుతూ, మొదటి చల్లని ప్రవాహాన్ని 40 నుండి 120కి తెస్తుంది. ఇదీ 2,000 కిలోవాట్లే. ఆ తరువాత మొదటి చల్లని ప్రవాహాన్ని 120 నుండి 200కి కొలిమిలో కాయవలెను; అందుకు 2,000 కిలోవాట్లు. వేడి ప్రవాహాలలో మిగిలిన 1,200, 2,000 కిలోవాట్లను, అనగా మొత్తం 3,200 కిలోవాట్లను, నీటికి వదలవలెను.

ఇక ఈ ప్రవాహాలకు వాస్తవంగా ఎంత అవసరం? లెక్క వేస్తే పించ్ హద్దు వేడి ప్రవాహాలకు 140 డిగ్రీల వద్ద, చల్లని ప్రవాహాలకు 120 డిగ్రీల వద్ద వస్తుంది. హద్దుకు పైన వేడి ప్రవాహం ఇవ్వగలిగినది 1,600 కిలోవాట్లు. చల్లని ప్రవాహాలకు కావలసినది 2,000, 800 కలిపి 2,800. కొరత 1,200. కనుక కొలిమి నుండి రావలసిన కనీస వేడి 1,200 కిలోవాట్లు మాత్రమే. హద్దుకు క్రింద లభించేది 5,600, కావలసినది 3,200. నీటికి వదలవలసిన కనీసం 2,400. ఇప్పటి అమరిక కొలిమిలోనూ, శీతలీకరణలోనూ సరిగ్గా 800 కిలోవాట్ల చొప్పున అధికంగా వాడుతున్నది.

లోపం ఎక్కడ ఉన్నది?

ఈ అమరికను చూసినవారు మొదట అనుమానించేది కొలిమిని, లేదా వేడి నీటిని సముద్రానికి వదిలే శీతలీకరణ యంత్రాలను. ఒకటవ వినిమాయకం వంక ఎవరూ చూడరు. దానిలో రెండు చివరలా తేడా 60 డిగ్రీలు. అది ఇవ్వవలసిన వేడిని నిండుగా ఇస్తున్నది. చూడబోతే చక్కని పరికరం.

లోపం అక్కడే ఉన్నది. హద్దుకు పైన మొదటి వేడి ప్రవాహం 1,600 కిలోవాట్లు ఇస్తుండగా, ఆ వినిమాయకంలో హద్దుకు పైనున్న చల్లని భాగం తీసుకొనగలిగినది 800 మాత్రమే. మిగిలిన 800 హద్దు దాటి క్రిందికి జారిపోతున్నది. కొలిమిలోని అధిక వ్యయం ఆ జారుడుకు ప్రతిబింబం మాత్రమే. నొప్పి ఒక చోట, వ్యాధి మరొక చోట అన్నట్లు, ఖర్చు కనిపించే పరికరమూ ఖర్చుకు కారణమైన పరికరమూ వేరు.

ఉన్న వినిమాయకాలకే గొట్టాలు పెంచితే చాలదా? చాలదు. రెండవ వినిమాయకంలో వేడి ద్రవం 140 డిగ్రీల వద్దనే ప్రారంభమవుతున్నది. అనంతమైన వైశాల్యం అమర్చినా అది చల్లని ద్రవాన్ని 140కి మించి కాయలేదు. అనుకున్న 20 డిగ్రీల తేడా పాటిస్తే 120కి మించి కాయలేదు. ఒకటవ వినిమాయకంలో చల్లని ద్రవం ఇప్పటికే పూర్తిగా కాగింది. అంటే ఈ అమరికయే తన ఎల్లకు చేరుకొన్నది. 1990వ దశకంలో యూమిస్ట్‌లో ఆసాంటే, ఝూ అనే పరిశోధకులు ఇటువంటి స్థితిని జాలపు పించ్ అని గుర్తించి, దానిని దాటడానికి అమరికనే మార్చవలెనని చూపారు. పరికరాన్ని పెద్దది చేయడం వేరు, దాని చోటు మార్చడం వేరు, కొత్త దారి కల్పించడం వేరు.

సవరణ

ఇక్కడ కావలసినది ఒకే ఒక కొత్త వినిమాయకం. మొదటి వేడి ప్రవాహం ఒకటవ వినిమాయకానికి పోయే ముందు, 220 డిగ్రీల వద్ద ఉండగానే, దానిని కొలిమికి పోబోయే మొదటి చల్లని ప్రవాహంతో కలిపే వినిమాయకం అది. వేడి ప్రవాహం 220 నుండి 180కి దిగుతుంది. చల్లనిది 120 నుండి 152కి ఎక్కుతుంది. దాటిన వేడి 800 కిలోవాట్లు. కొలిమి ఇక 152 నుండి 200కి మాత్రమే కాయవలెను; అందుకు 1,200 కిలోవాట్లు. ఇదే కనీస లక్ష్యం. కొలిమి భారం నూటికి 40 వంతులు, శీతలీకరణ భారం నూటికి 25 వంతులు తగ్గాయి.

అయితే ఒకటవ వినిమాయకానికి ఇప్పుడు 220 బదులు 180 డిగ్రీల ద్రవం వస్తున్నది. అదే 2,000 కిలోవాట్లను ఇవ్వడానికి దాని ద్రవం 180 నుండి 80కి దిగవలెను. ద్రవాల మధ్య తేడా 60 నుండి 20 డిగ్రీలకు పడిపోయింది. కనుక దాని వైశాల్యం మూడింతలు కావలెను. కొత్త వినిమాయకం కొనడమే కాక, పాతదానిని కూడా పెంచవలెనన్నమాట. ఒక చోట చేసిన మార్పు మరొక చోట వడ్డీ అడుగుతుంది. జాలం అన్న మాటకు అర్థమే అది.

కొలిమి సామర్థ్యం నూటికి 80 అనుకుంటే, 800 కిలోవాట్ల ఆదా 1,000 కిలోవాట్ల ఇంధనానికి సమానం. సంవత్సరానికి 8,000 గంటలు నడిచే కర్మాగారంలో ఇది సుమారు 7.7 లక్షల ఘనపు మీటర్ల సహజవాయువు. వాతావరణంలోకి పోకుండా ఆగిన బొగ్గుపులుసు వాయువు సుమారు 1,600 టన్నులు. నాలుగు ప్రవాహాల చిన్న కర్మాగారంలోనే ఇంత.

ఎంతవరకు పోవలెను?

లక్ష్యం 800 కనుక 800 వరకు పోవలసిందేనా? సవరణ విద్యలో వివేకానికి పరీక్ష ఇక్కడే. కొత్త వినిమాయకంలో 400 కిలోవాట్లు మాత్రమే మార్చితే, ఒకటవ వినిమాయకంలో తేడా 40 డిగ్రీలు మిగులుతుంది; దాని వైశాల్యం ఒకటిన్నర రెట్లు చాలు. 800కు పోతే మూడు రెట్లు. అంటే మొదటి 400 కిలోవాట్ల ఆదాకు పాత వైశాల్యంలో సగం అదనంగా కావలసి ఉండగా, తరువాతి 400కు ఒకటిన్నర వంతులు అదనంగా కావలెను. అదే ఆదాకు మూడు రెట్లు ఇనుము. కొత్త వినిమాయకపు ఖర్చు దీనికి అదనం.

లిన్‌హాఫ్, ఆయన సహ పరిశోధకుడు 1986లో సవరణల కోసం ప్రత్యేకంగా పద్ధతిని విస్తరించినప్పుడు ఈ దృష్టినే ముందుంచారు. కొత్త కర్మాగారాన్ని కాగితం మీద ఆదర్శంగా గీయవచ్చు. పాత కర్మాగారంలో ఉన్న వైశాల్యం ఇప్పటికే డబ్బు పెట్టి కొన్నది; దానిని వ్యర్థం చేయకుండా, పెట్టిన కొత్త రూపాయికి ఎంత ఇంధనం మిగులుతుందో చూడవలెను. పెట్టుబడి ఎన్నాళ్ళకు తిరిగి వస్తుందన్న ప్రశ్నే ఎక్కడ ఆగవలెనో చెబుతుంది. ఇంధనం ధర హెచ్చితే ఆ ఆగే చోటు ముందుకు జరుగుతుంది.

కాగితం మీది గీత, ఆవరణలోని గొట్టం

కాగితం మీద ఒక గీత గీస్తే వినిమాయకం వచ్చినట్లే. ఆవరణలో అట్లా కాదు. ఇప్పటికే కిక్కిరిసిన చోట కొత్త పరికరానికి స్థలం, పునాది ఉండవలెను. ప్రతి కొత్త వినిమాయకమూ ద్రవం దారిలో అడ్డును పెంచుతుంది. పాత పంపుకు ఆ ఒత్తిడి తట్టుకొనే శక్తి లేకపోతే పంపును కూడా మార్చవలెను. దూరాన ఉన్న రెండు ప్రవాహాలను కలపవలెనంటే పొడవైన గొట్టాలు కావలెను. రెండు ద్రవాలలో ఒకటి మరొకదానిలోకి కారితే ప్రమాదమున్న చోట అవి ఎంత అనుకూలమైన ఉష్ణోగ్రతలలో ఉన్నా జత చేయరాదు. ఈ పనులన్నీ కర్మాగారం మరమ్మత్తులకు ఆగే కొద్ది వారాలలోనే పూర్తి కావలెను.

మరొక చిక్కు మడ్డి. వేడి ముడి చమురు గొట్టాల గోడలపై క్రమంగా మడ్డిని పేరుస్తుంది. అది వేడికి తెరవంటిది. కొత్తగా అమర్చిన వినిమాయకం మొదటి నెలలలో చూపిన ఫలితం ఏడాది తరువాత చూపకపోవచ్చు. శుభ్రపరచడానికి వీలు లేకుండా అమర్చిన పరికరం కాగితం మీదనే ఆదా చేస్తుంది.

అన్నిటికంటె సూక్ష్మమైన విషయం నియంత్రణ. ప్రవాహాలను ఒకదానితో ఒకటి బిగించి కట్టిన కొద్దీ, ఒకదానిలో కలిగిన ఒడిదుడుకు మిగిలినవాటికి పాకుతుంది. కర్మాగారాన్ని ప్రారంభించేటప్పుడు వేడి ప్రవాహాలు ఇంకా పుట్టి ఉండవు; అప్పుడు ఆదుకొనవలసింది కొలిమియే. కనుక భారం తగ్గిందని కొలిమి సామర్థ్యాన్ని తెగగోయడం అవివేకం. అనుభవజ్ఞులైన ఆపరేటర్లను సంప్రదించకుండా గణన యంత్రం ముందు మాత్రమే కూర్చుని చేసిన సవరణలు ఈ చోటనే దెబ్బతింటాయి.

గల్ఫ్ నేలకు దీని విలువ

ఇంధనం పుట్టే నేలలో ఇంధనాన్ని పొదుపు చేయడం ఎందుకని కొందరికి సందేహం కలగవచ్చు. బహ్రెయిన్‌లో సహజవాయువు కొలిమిలకు మాత్రమే కాదు; విద్యుత్తుకూ, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలకూ అదే ఆధారం. కొలిమిలో వృథాగా మండిన వాయువు ఇంటిలో దీపానికీ, కుళాయిలో నీటికీ ఉపయోగపడగలిగినదే. వేసవిలో గల్ఫ్ సముద్రపు నీరే 30 డిగ్రీలు మించుతుంది. అప్పుడు చల్లార్చడం కాయడం కంటె కష్టమవుతుంది. ఉష్ణ వినిమయ సవరణ శీతలీకరణ భారాన్ని కూడా అంతే మేరకు తగ్గిస్తుంది కనుక, ఎండల దేశంలో దాని లాభం రెండింతలు. బహ్రెయిన్ 2035 నాటికి ఉద్గారాలను నూటికి 30 వంతులు తగ్గిస్తామనీ, 2060 నాటికి నికర శూన్యానికి చేరుతామనీ 2021లో ప్రకటించింది. అటువంటి లక్ష్యాలకు కొత్త సాంకేతిక విద్యలతో పాటు, ఉన్న గొట్టాలను సరిగా కలపడమనే ఈ పాత విద్య కూడా అవసరమే.

విద్యార్థులకు ఒక అభ్యాసం

పై లెక్కలో కొత్త వినిమాయకం 600 కిలోవాట్లు మార్చేటట్లు అమర్చితే, ఒకటవ వినిమాయకంలో ఉష్ణోగ్రతల తేడా ఎంత? దాని వైశాల్యం ఎన్ని రెట్లు కావలెను? కొలిమి భారం ఎంత?

సమాధానం: వేడి ప్రవాహం 220 నుండి 190కి దిగి ఒకటవ వినిమాయకంలో ప్రవేశిస్తుంది, అక్కడ 90 వరకు దిగుతుంది. తేడా 30 డిగ్రీలు. వైశాల్యం రెండు రెట్లు. కొలిమి భారం 1,400 కిలోవాట్లు. లక్ష్యంలో ముప్పాతిక వంతు ఆదా, పూర్తి సవరణకు ఆ వినిమాయకంలో కావలసిన అదనపు వైశాల్యంలో సగంతోనే లభించింది. రాయబడిన లక్ష్యానికి కొంచెం ఇవతల ఆగడమే ఒక్కొక్కప్పుడు మేలైన సవరణ అని ఈ అంకెలే చెబుతున్నాయి.